కదలకండి గారి కెమెరా

ఆసుపత్రిలో మా ఆయనకి 'కదలకండి గారు' అని పేరు. ఎక్స్‌రే గదిలో ఇరవై రెండేళ్లుగా రోజుకు యాభై మందితో ఆ ఒక్క మాటే అంటుంటారు కాబట్టి నర్సులు అలా పెట్టారు. పెట్టినవాళ్లెవరూ ఆయన్ని ఇంట్లో చూడలేదు. ఆయన ఒక్క నిమిషం కదలకుండా కూర్చోవడం నేనైతే ఎరగను. భోజనం మధ్యలో లేస్తారు, పేపరు నిలబడి చదువుతారు. లిఫ్టు కాస్త ఆలస్యమైతే ఐదంతస్తులూ మెట్లెక్కేస్తారు. లిఫ్టులో వచ్చిన నాకంటే వెనక చేరి, ఆయాసపడుతూ తాళం కోసం జేబులు వెతుక్కుంటారు.

ఇలాంటి మనిషికి నలభై ఏడో ఏట ఫోటోల సరదా పట్టుకుంది. తోటి ఉద్యోగి ఒకాయన కొత్త కెమెరా కొనుక్కుని పాతది వదిలించుకుంటుంటే ఈయన తెచ్చుకున్నారు. ఆ రోజు నుంచి నా తలప్రాణం తోకకొచ్చింది. పాలు పొంగుతుంటే స్టవ్ ఆపరు, ఆవిరి మీద వెలుగు బాగుందంటారు. కప్పులో పోసిన టీ మళ్లీ గిన్నెలోకి ఒంపి, ఇంకోసారి పొయ్యమంటారు. నడిరోడ్డు మీద బండి ఆపి, నీటిగుంటలో కనిపించే కరెంటు తీగల కోసం వంగుతారు. వెనక హారన్లు మోగుతుంటే మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడేది నేను.

ఏమీ నేర్చుకోలేదని అనను. ఒకసారి తెల్లారకముందే లేచి కొండెక్కారు, తీరా చూస్తే కెమెరా కార్డు ఇంట్లో కంప్యూటర్లోనే ఉంది. అప్పటి నుంచి గుమ్మం దాటే ముందు 'కార్డు, బ్యాటరీ' అనుకుంటూ కెమెరా తెరిచి చూసుకుంటారు. మిట్టమధ్యాహ్నం ఎండలో మనుషుల్ని నిలబెడితే కళ్ల కింద గుంటలు పడతాయని కూడా నేర్చుకున్నారు. ఆ ప్రయోగం నా మీదే జరిగింది. కానీ అన్నిటికంటే గట్టిగా ఒంటబట్టించుకున్నది ఒకటుంది, చెదిరిన ఫోటో ఉంచుకోకూడదని. ఎక్స్‌రేలో ఎముక అంచు చెదిరితే మళ్లీ తియ్యాల్సిందే కదా, ఆ పట్టింపే ఇంటికీ తెచ్చుకున్నారు. ప్రతి ఆదివారం పొద్దున కంప్యూటరు ముందు నిలబడి వారం ఫోటోలన్నీ ఏరతారు. "పనికిరాదు," అంటారు, మీట నొక్కుతారు. "ఇదీ పనికిరాదు." మళ్లీ మీట.

ఆయనకి ఒక్కతే అక్క, పదకొండేళ్లు పెద్ద. పక్క వీధిలో ఒక్కతే ఉంటుంది. నాకు వదిన అవుతుంది గానీ అత్తగారి కంటే ఎక్కువగా చూసుకుంది నన్ను. గ్రంథాలయంలో పుస్తకాలిచ్చే బల్ల దగ్గర ముప్పై నాలుగేళ్లు పని చేసింది. ఎనిమిదేళ్ల కిందట ఆవిడకి తల అదరడం మొదలైంది. ప్రమాదమూ లేదు, మందూ లేదు అన్నారు డాక్టర్లు. ఆ అదురు అడ్డంగా ఉంటుంది, అచ్చం కాదు కాదు అన్నట్టు. కొత్తవాళ్లు పుస్తకం అడుగుతారు, ఆవిడ తల చూసి లేదంటోందనుకుని వెనుదిరుగుతారు. "తలని పట్టించుకోకండి, నేను ఇస్తాననే అంటున్నాను," అని వాళ్లని వెనక్కి పిలుస్తుంది వదిన. నవ్వుతూనే అంటుంది. రోజుకు ఎన్నిసార్లు నవ్వాలో ఆవిడకే తెలియాలి.

రెండేళ్ల కిందట ఓ ఆదివారం ఆవిడ మా ఇంటికి వచ్చింది. ముందురోజే పొద్దుగూకే వేళ అందరం ఏటి ఒడ్డుకి వెళ్లి వచ్చాం, ఈయన ఆ ఫోటోలు ఏరుతున్నారు. ఆ పనిలో ఉంటే పక్కన పిడుగు పడినా ఆయనకి వినపడదు. వదిన టీ కప్పు పట్టుకుని ఆయన వెనక నిలబడింది. వరసగా ఆవిడ ఫోటోలే వచ్చాయి. ఎలా చెదరకుండా వస్తాయి చెప్పండి? "పనికిరాదు," అన్నారు ఈయన. "పనికిరాదు." వంటగదిలోంచి నేను లెక్కపెట్టాను, పదకొండు సార్లు. వదిన కప్పు బల్ల మీద పెట్టి, ఏదో పనుందని వెళ్లిపోయింది. అక్క ఎప్పుడొచ్చిందని ఈయన నన్నడిగారు.

ఆ తర్వాత కెమెరా బయటికి తీస్తే చాలు, వదిన మంచినీళ్లకో మరి దేనికో లేచి వెళ్లిపోయేది. నేనప్పుడే చెప్పి ఉండాల్సింది. ఈయన సంగతి తెలుసు కాబట్టి చెప్పలేదు. ఆ క్షణమే పరిగెత్తుకెళ్లి ఏదో ఒకటనేసి, ఉన్నదాన్ని ఇంకా చెడగొడతారని భయపడ్డాను. అది నా తప్పే.

మొన్నామధ్య వదిన ఉద్యోగ విరమణ దగ్గరపడింది. గ్రంథాలయం నడవలో, చివరిదాకా అక్కడ పని చేసినవాళ్ల ఫోటోలు వరసగా ఉంటాయి. వదిన మాత్రం తన ఫోటో వద్దని, ఆ మేకు ఖాళీగా వదిలెయ్యమందట. వారం రోజులే ఉంది, మీరైనా చెప్పండంటూ అక్కడి పెద్దాయన మా ఆయనకి ఫోన్ చేశారు. ఇంట్లో ఫోటోగ్రాఫర్ని పెట్టుకుని ఇదేం మాటని ఈయన ఒంటికాలి మీద లేచారు. నలభై వేల ఫోటోలున్న కంప్యూటరు తెరిచారు. నీటిగుంటవి అరవై దొరికాయి. అక్కది ఒక్కటీ లేదు.

"అక్క ఫోటోలేవీ?" అని నన్నడిగారు.

"మీరే తీసేశారు," అన్నాను. "ఆవిడ మీ వెనకే నిలబడి ఉంది. పదకొండు సార్లు పనికిరాదన్నారు."

కాలుగాలిన పిల్లిలా వంటగదికీ బాల్కనీకీ మధ్య తిరిగారు. ఫోటోని అన్నాను గానీ అక్కనన్నానా అని కాసేపు నాతో వాదించారు. నాకు ఒళ్లు మండింది. నేను పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేస్తాను. అడ్రసు చదవడానికి రాకపోతే మేము పారెయ్యం, పక్కన ఇంకో పెట్టె ఉంటుంది, అందులో వేస్తాం, ఓపిక పడితే వాటిలో సగం ఇళ్లకి చేరతాయి అన్నాను. ఈయన వాదన ఆపేశారు.

నేను భయపడ్డట్టే మర్నాడే అక్క ఇంటికి పరిగెత్తారు. కిటికీ పక్కన కుర్చీ వేశారు, దీపం జరిపారు, కర్టెన్ పక్కకి లాగారు. పోనీలే, తమ్ముడి సరదా అని వదిన కూర్చుంది. కెమెరా కంటికి ఆనించగానే ఇరవై రెండేళ్ల అలవాటు ఆయన నోట్లోంచి ఊడిపడింది.

"కదలకండి."

సొంత అక్కని, అదీ మీరు అని. నాలుక కరుచుకునేలోపే వదిన లేచింది. తిట్టలేదు. టీ చల్లారిపోతోంది, తాగి వెళ్లమని మాత్రం అంది. ఆ రాత్రి ఈయన కంచం ముందు నుంచి అయిదుసార్లు లేచారు. నాకు జాలేసింది. తిట్టడానికి బోలెడున్నా తిట్టలేదు.

వదిన ఉద్యోగం ఆఖరి రోజున ఆయన సెలవు పెట్టి గ్రంథాలయానికి వెళ్లారు. ఏమీ అడగను, ఎలా కూర్చోమనీ చెప్పను అని నాకు మాటిచ్చారు. నమ్మకం లేక భోజనం వేళకి వెళ్లి చూశాను. ఆయన నిజంగానే కూర్చుని ఉన్నారు, వదిన బల్లకి ఎదురుగా, చదువుకునేవాళ్ల బల్ల దగ్గర, కెమెరా ఒళ్లో పెట్టుకుని. కాకపోతే బల్ల కింద మోకాలు ఆగకుండా ఆడుతోంది, దాంతో బల్లంతా అదురుతోంది. ఎదుటి కుర్చీలో పేపరు చదువుకుంటున్న ముసలాయన విసుక్కుని వేరే చోటికి మారాడు. ఎన్ని తీశారని అడిగితే ఒక్కటీ లేదన్నారు. పొద్దుటి నుంచీ చూస్తూనే ఉన్నారట. ఆ గదిలో వెలుగు తక్కువ, కదిలిందల్లా చెదురుతుంది, ఫ్లాష్ కొడితే అక్క ఉలిక్కిపడుతుంది. "ఊయల చివరికంటా వెళ్లి తిరిగొచ్చే ముందు ఒక్క రెప్పపాటు ఆగుతుంది చూడు, అక్క తలా అంతే," అని నా చెవిలో చెప్పారు. ఎనిమిదేళ్లలో ఇంతసేపు అక్క మొహంలోకి చూడలేదని కూడా అన్నారు. ఆ మాట అంటూ కళ్లు దించుకున్నారు.

సాయంత్రం వదిన్ని మా ఇంటికి తీసుకొచ్చి కంప్యూటరు ముందు కుర్చీ వేసి, తను పక్కకి జరిగారు.

"మధ్యాహ్నం నుంచి తీసినవి రెండు వందల పన్నెండున్నాయక్కా. ఒక్కటీ చెరపలేదు. నువ్వే ఏరు."

వదిన ఒక్కొక్కటే జరుపుతూ పోయింది. చాలావరకు చెదిరినవే. ఈయన నా భుజం పట్టుకుని నిలబడ్డారు, ఆ పట్టుకి నా భుజం నొప్పి పుట్టింది. ఒకచోట వదిన చెయ్యి ఆగింది. మొహం స్పష్టంగా, ఎక్కడా అదురు లేకుండా, కళ్లజోడు వెనక సన్నని ముడతలతో సహా. గడ్డం దగ్గర తెర మీద వేలు పెట్టి చూసుకుంది.

"నా మొహం నిలబడి ఉండగా చూసి ఎనిమిదేళ్లయిందిరా. అద్దంలో కూడా ఊగుతూనే ఉంటుంది."

ఈయన అప్పటికే ఫ్రేము కొలత రాసి పెట్టుకున్నారు, ఆ కాగితం జేబులోంచి తీయబోయారు. వదిన వద్దంది. ఇది నా బీరువాలోకి, గోడకి కాదు అంది. మళ్లీ జరుపుకుంటూ వెళ్లి ఇంకోచోట ఆగింది. అందులో ఎవరికో పుస్తకం అందిస్తోంది. ఆ చెయ్యి, పుస్తకం అట్ట అంచున లేచిన దారం తేటగా ఉన్నాయి. మొహం మాత్రం పక్కకి చెరిగిపోయి, కళ్లజోళ్లు రెండున్నట్టుంది.

"గోడకి ఇది."

"అక్కా, అది చెది..." అనబోయి ఈయన మింగేశారు.

"ఆ నిలబడ్డ మొహం పెడితే ఎవరీవిడ అని అడుగుతార్రా అక్కడివాళ్లు. వాళ్లకి తెలిసింది ఈవిడే. తల కాదంటుంది, చెయ్యి ఇస్తుంది." కుర్చీలోంచి వెనక్కి తిరిగి తమ్ముడి వైపు చూసింది. "పనికొస్తుందా?"

ఆయన నా భుజం వదిలేసి అక్క పక్కన నేల మీదే చతికిలబడ్డారు, తల ఊపారు. ఊపుతూనే ఉన్నారు. వదిన తల అడ్డంగా, ఆయన తల నిలువుగా, చాలాసేపు.