'ఇక్కడే' అన్నదెవరు

ఒట్టు పెట్టొద్దని మా చర్చిల చెప్తరు. గందుకే ఒట్టు పెడ్తలేను. జరిగింది జరిగినట్టు చెప్త. నమ్ముతరా, మీ ఇష్టం. నమ్మరా... చాయ్ తాగి ఇంటికి పోండ్రి.

నేను సాక్ష్యాలు చెప్పే రకం కాదు, మీకు తెల్సు. కూడికలల్ల కొందరు లేస్తరు, మామూలు దగ్గును టీబీ అంటరు, వచ్చే ఏడాదికి గదే టీబీని క్యాన్సర్ చేస్తరు. నాకు మంట. నాది మైక్ సెట్ దుకాణం. నిజామాబాద్‌ల పెండ్లికి, గణపతికి, ఉర్సుకు, క్రిస్మస్‌కు... అన్నిటికీ గవే హారన్లు, గదే ఆంప్లిఫయర్. ఇన్నేండ్లు శబ్దంతోనే బతికిన. ఏ చప్పుడు ఎటు నుంచి వస్తుందో, ఎంత దూరం నుంచి వస్తుందో నా చెవికి తెలుస్తది. గీ మాట యాదికి పెట్టుకోండ్రి, మళ్ల పని పడ్తది.

పాటలు రాసుడు నా పిచ్చి. మీరు పాడే 'ఇక్కడే' పాట నాదే. గది ఎట్ల వచ్చిందో ఇప్పటిదాక సగమే చెప్పిన.

క్యాసెట్ల కాలం అది. ఆ ఏడాది వానలు పోయినంక నా భార్య సుజాత పోయింది. కామెర్లు. పసరు పోయించిన, దవాఖానల పెట్టిన. చర్చంతా ఉపాసముండి ప్రార్థన చేసింది. అయినా పోయింది. నేను హార్మోనియం మీద దుప్పటి కప్పి పెట్టిన. పాస్టరు వారం వారం వచ్చి, "రాయి బ్రదర్, రాస్తే గుండె బరువు దిగుతది" అంటడు. ఎవలికి రాయాలె? వినేటోడు ఉన్నడో లేడో తెల్వకపాయె. ఉంటే అప్పుడెందుకు వినలేదు? నా గొడవంతా గదే. పాట రాకపోవుడు కాదు... అవతల ఎవరన్న ఉన్నరా అని.

చలికాలం. మా అక్కది చందూర్ దిక్కు ఒక పల్లె. ఇంట్ల ప్రార్థన పెట్టుకున్నం రమ్మని కబురు పంపింది. పోయిన. చెరుకు కొట్టే రోజులు, ఊరంతా తియ్యటి వాసన. తెల్లార్లు ఎడ్ల బండ్లు, లారీలు బోధన్ ఫ్యాక్టరీకి పోతనే ఉంటయి. రాత్రి కరెంట్ లేదు. లాంతరు ముంగట పది మంది కూసున్నరు.

"ఒక్క పాట పాడు తమ్మీ. సుజాతకు నీ పాటంటే పానం గదా" అన్నది అక్క.

మొదలుపెట్టిన. రెండో లైన్‌కే పాట ఆగింది. అందరూ కండ్లు మూసుకొని స్తోత్రం, స్తోత్రం అంటున్నరు. ఏం స్తోత్రం? కోపమొచ్చింది. మస్తు కోపం. లేచి చెప్పులేసుకున్న.

"ఏడికిరా గీ సీకట్ల? మంచు సూడు ఎట్లున్నదో."

"రోడ్డు మీద లారీ ఎక్కి పోత అక్కా. నువ్వు కూసో."

బ్యాటరీ లైట్ కూడ తీసుకోలేదు. కోపంల ఏం యాదికుంటది?

రోడ్డుకు అడ్డదారి చెరుకు తోటల నడిమిట్ల నుంచి. పగలు నడిచిన దారే. రెండు దిక్కుల మనిషికి రెండింతలు చెరుకు. మంచుకు నా చెయ్యి నాకే కనబడ్తలేదు. ఆకు మొఖానికి తాకుతుంది... కోస్తుంది. సర్... సర్... అని ఒకటే చప్పుడు. రోడ్డు మీద ఎడ్ల మెడల గంటలు వినబడ్తున్నయి. గల్... గల్... సరే, గంటల దిక్కు పోదాం అనుకున్న. నడిచిన. ఇంకా నడిచిన. కాలి కింద బాట లేదు, గడ్డి ఉన్నది. గంటలు ముంగట నుంచి వినబడ్తయి... మళ్ల ఎనక నుంచి. నా చెవి నాకు పని చెయ్యకపోవుడు అదే మొదటిసారి.

గప్పుడు ఒర్రిన. గట్టిగ.

"ఎక్కడున్నవు?"

మనుషుల్ని పిలువలేదు నేను. ఎవర్ని అడిగిన్నో మీకు తెల్సు.

అన్నీ ఆగిపోయినయి.

ఆకు ఆగింది. గంటలు ఆగినయి. మైక్ సెట్ నడుస్తుంటే ఆంప్లిఫయర్‌ల సన్నగ ఒక గుయ్యి ఉంటది. కరెంట్ పోయినప్పుడే తెలుస్తది, గప్పటిదాక ఆ గుయ్యి ఉండెనని. గట్ల ఆగింది లోకం.

గప్పుడు... ముంగట నుంచి...

"ఇక్కడే..."

ఆడ గొంతు. గుసగుస కాదు, ఒర్రుడు కాదు. ఇంట్ల మనిషి ఇంకో అర్రల నుంచి మాట్లాడినట్టు. కడపటి 'డే' కొంచెం పైకి లేసి... గాలిల నిలబడి... మెల్లగ కిందికి దిగింది. దగ్గరనే. నా ముంగటనే. గీసారి నా చెవి తప్పు చెప్తలేదు.

ఎవలూ అని అడుగుదామనుకునే లోపల్నే... మళ్ల వచ్చింది.

"ఇక్కడే..."

గదే శ్రుతి. గంతే పొడుగు. ఒక్కటే తేడా... 'క్క' అన్నకాడ వత్తు సరిగ్గ పలుకలేదు. సలికి గట్ల వినబడ్డదేమో అనుకున్న.

ఇక్కడే అంటే ఇక్కడే కదా. నేను ఎక్కడున్నవని అడిగిన, ఇక్కడే అని జవాబొచ్చింది. ఉన్న కాడనే కూలబడ్డ. సుజాత పోయినప్పుడు కూడ ఏడువలేదు నేను, మొగోన్ని, పది మంది ముంగట ఎట్ల ఏడుస్త అని. గా గడ్డిల కూసొని ఏడ్సిన. ఎక్కిళ్లు పెట్టి ఏడ్సిన. ఎప్పుడు మళ్ల ఆకు కదిలిందో, ఎప్పుడు గంటలు మోగినయో తెల్వదు. గొంతు మాత్రం మళ్ల రాలేదు. కాలు తీసి కాలు వెయ్యలేదు నేను. తెల్లారేదాక గక్కడనే.

మంచు పల్చబడ్డంక చూసిన.

నా మోకాళ్ల ముంగట గడ్డి ఉన్నది. గడ్డి అవతల ఏమీ లేదు. బాయి. గోడ లేదు, గట్టు లేదు, చెరుకు నడిమిట్ల నోరు తెరుసుకొని ఉన్నది. లోపల నల్ల నీళ్లు. ఒక్క అడుగు ముంగటికేస్తే ఇయ్యాల మీకు గీ ముచ్చట చెప్పేటోడు లేడు.

"భావూ... ఎనకకు జరుగు. మెల్లగ."

తిరిగి చూసిన. ఒక ఆమె నిలబడ్డది. గోచీ పెట్టి కట్టిన చీర, నెత్తి మీద తువ్వాల. చెరుకు కొట్ట మహారాష్ట్ర నుంచి ఏటా వస్తరు కదా, వాళ్ల మనిషి. వచ్చి వచ్చి తెలుగు పట్టింది, అన్నను మాత్రం వాళ్ల తీరుగ భావూ అంటది. పేరు కమలాబాయి అని తర్వాత చెప్పింది. చేతిల బిందె లేదు. ఆకుల పెట్టుకొని కుంకుమ, పచ్చ గాజులు తెచ్చింది.

పాక్కుంట ఎనకకు వచ్చిన. అడిగిన, "అక్కా, రాత్రి నువ్వేనా పిలిచింది?"

"నేను ఎందుకు పిలుస్త? మేము రాత్రి గీ దిక్కు రాం."

"ఎవరో ఆడామె... 'ఇక్కడే' అన్నది. రెండు సార్లు."

ఆమె చేతిల ఆకు వంగింది. గాజులు గడ్డిల పడ్డయి.

"ఎట్లన్నది? మళ్లన్ను."

అన్న. నాకు వినబడ్డట్టే, వత్తు లేకుంట. "ఇకడే..."

"గది మా భాష భావూ. మరాఠీల ఇకడే అంటే... ఇటు రా అని." ఆమె బాయి దిక్కు చూసుకుంటనే ఉన్నది. "పోయిన ఏడాది నా చెల్లె నీళ్లకని వచ్చి గిండ్లనే పడ్డది. సీకట్ల ఎవలం చూడలే. ఏ దిక్కు నుంచి పిలిచింది నిన్ను?"

నేను బాయి దిక్కే చెయ్యి చాపి చూపెట్టిన. ఇంక ఏ దిక్కున్నది చూపెట్టనీకి?

కమలాబాయి ఏడుసుకుంట కూసున్నది. "చెరుకుకు వచ్చిన కాడి నుంచి రోజు గీడికి వస్తున్న. నాతోని ఒక్క మాట మాట్లాడలే. ఎవలో తెల్వని నిన్ను పిలిచిందా?"

గాజులు ఏరి ఇచ్చిన. ఆమె వాటిని బాయిల వేసింది. నీళ్ల చప్పుడు చాన సేపటికి వచ్చింది.

అర్థమైంది కదా మీకు? తెలుగుల విన్న కాబట్టి ఆగిన. మరాఠీ వచ్చినోన్నయితే రమ్మంటుంది కదా అని పోతుంటి.

ఇంటికొచ్చి దుప్పటి తీసిన. హార్మోనియం ముంగట కూసుంటే పాట దానంతటదే వచ్చింది.

ఎక్కడున్నవు దేవా అని అడిగితిని...
ఇక్కడే... ఇక్కడే... అంటివి నాతోని...

ట్యూన్ నేను కట్టలేదు. గా 'ఇక్కడే' ఎట్ల వినబడ్డదో గట్లనే పెట్టిన. లేచుడు, నిలబడుడు, దిగుడు... అన్నీ. పాస్టరుకు మొత్తం చెప్పిన. ఆయన సోంచాయించి, "ఆడ గొంతు సంగతి బయట చెప్పకు బ్రదర్, జనం గడబిడ అయితరు" అన్నడు. మరాఠీ సంగతి చెప్తే చెయ్యి ఊపిండు. "నువ్వు తెలుగోనివి. దేవుడు నీతోని మరాఠీల ఎందుకు మాట్లాడ్తడు?" అన్నడు. నాకు గా మాట మంచిగనిపించింది. పట్టుకున్న.

పాట క్యాసెట్ల ఎక్కింది. ఊరూరు తిరిగింది. సచ్చేటోళ్ల మంచం కాడ పాడుతున్నమని ఉత్తరాలు రాసిండ్రు. గవి చదివినప్పుడు నాకు ధైర్యం. దేవుడే అన్నడు అనుకునేటోన్ని.

కొన్నేండ్లకు మంజీర అవతల ఒక మరాఠీ ఊర్ల మీటింగ్ పెట్టిండ్రు. మైక్ నాదే, పాట నాదే. జనానికి తెలుగు రాదు. అయినా పాడుమన్నరు. కండ్లు మూసి పల్లవి ఎత్తుకున్న.

ఇక్కడే... ఇక్కడే...

కండ్లు తెరిస్తే... ముంగటి వరసల ఒక ముసలామె లేచి నా దిక్కు నడుస్తుంది. ఆమె ఎనక ఇంకో ఇద్దరు. మళ్ల పల్లవి వచ్చెవరకు వరసలకు వరసలే లేచినయి. చేతులు జోడించుకొని, నా మొఖమే చూసుకుంట, మెల్లగ వస్తున్నరు. పాస్టరు మురిసిపోతుండు. వాళ్లకు గది మరాఠీ, ఇటు రా అని. వీళ్లు తప్పు వినలేదు కదా. రమ్మంటున్న, వస్తున్నరు. స్టేజీ ఎనక ఏమున్నదో నేను చూసుకోలేదని గప్పుడు యాదికొచ్చింది. తిరిగి చూసిన. చీకటి. నా వైరు ఒక్కటే గా చీకట్లకు పోయింది.

పాట ఆపేసిన. మైక్ వదిలి కిందికి దిగి, నేనే వాళ్ల దిక్కు పోయిన.

ఒక్కామె మాత్రం లేవలేదు. చిట్టచివర, కొంగు నోట్ల కుక్కుకొని కూసున్నది. దగ్గరికి పోతే గుర్తుపట్టిన. కమలాబాయి.

"గా రాగం నీకు ఎవలు నేర్పిండ్రు భావూ?"

"ఎవలు నేర్పలేదు అక్కా. గా రాత్రి విన్నదే."

"పొద్దుగూకంగ మా పిల్లలను బువ్వకు గట్లనే పిలిచేది నా చెల్లె. గా లేచుడు... గా దిగుడు... దానిదే. ఇంకెవలికి రాదు."

"మరి పాట మార్చాల్నా అక్కా? ఇడిసి పెట్టమంటే ఇడిసి పెడ్త."

ఆమె కండ్లు తుడుసుకున్నది. "మార్చకు. దాని గొంతు ఇంకేడ మిగిలింది? పాడు." లేచి చెప్పులేసుకుంట మళ్ల తిరిగి చూసింది. "బాయి దగ్గర మాత్రం పాడకు."

గంతే. ఇదీ జరిగింది. నేను ఎక్కడున్నవని దేవున్ని అడిగిన. జవాబు ఒక సచ్చిపోయిన ఆడామె గొంతుల వచ్చింది. ఆమె రమ్మన్నది, నాకు ఉండుమన్నట్టు వినబడ్డది. గట్ల వినబడేటట్టు చేసిందెవరు? ఆమె నన్ను ముంచ చూసిందా, ఒక్కతే భయమై పిలిచిందా? నాకు తెల్వదు. ప్రార్థనల అడిగిన, ఇంకా అడుగుతున్న.

పాట మాత్రం పాడుతున్న. ఎవలు పిలిచినా పోత. పోయినంక ముందుగాల ఒక్కటే అడుగుత... స్టేజీ ఎనక బాయి ఉన్నదా అని. నవ్వుతరు. నవ్వితే నవ్వనీ, పోయి చూసి వచ్చినంకనే మైక్ ఆన్ చేస్త.