పల్లికాయలు దాచుకున్న ప్రింటర్

నేను ఇన్నేళ్లూ ఏమీ రాయకపోవడానికి కారణం నాకు అక్షరాలు రాకపోవడమే. చిన్నప్పుడు అమ్మానాన్నలతో మట్టిపనికి ఊళ్లు తిరిగాను. బడి తెరిచేనాటికి ఏదో ఒక కాలువ గట్టు మీద గుడిసెలో ఉండేవాళ్లం. పెద్దవాళ్లు మట్టి మోస్తుంటే తమ్ముణ్ని ఎత్తుకోవడం నా పని. యాభై దాటాక మా కోడలు నాకు చదువు చెప్పింది. నాతోపాటు నా తోడికోడలు కూడా పలక పట్టింది. నేను కథలు చదివేదాకా వచ్చాను, ఆమె ఇంకా గుణింతాల దగ్గరే ఉంది.

అప్పుడే హైదరాబాదులో మేస్త్రీ కింద పని దొరికిందని ఆమె, మా మరిది ప్రయాణం కట్టారు. తెల్లారితే బస్సు. ఆరు నెలలదాకా రారు. కిందటిసారి ఇట్లాగే పోయివచ్చి, నేర్చుకున్నదంతా మరిచి, పొదుపు సంఘం మీటింగులో అందరి ముందు మళ్లీ వేలిముద్ర వేసింది. ఆనాటి ఆమె ముఖం నేను మరవలేదు. ఈసారి వెంట తీసుకుపోయేందుకు పాఠాలు రాసిస్తానన్నాను.

"నీ రాత కోడి గీకినట్టుంటది అక్కా. పుస్తకంల లెక్క ఉంటెనే నాకు తెలుస్తది," అంది తోడికోడలు.

అంతే, అటక మీది ప్రింటర్ గుర్తొచ్చింది! పెళ్లికి ముందు ట్యూషన్లు చెప్పేటప్పుడు కోడలు కొనుక్కున్నది. మూడేళ్లుగా పాతచీరలో మూటకట్టి, విత్తనపు పల్లికాయ సంచుల పక్కనే పడివుంది. దించి వైరు పెట్టగానే పచ్చలైటు వెలిగింది. నేను చప్పట్లు కొట్టాను. కాగితం పెడితే మాత్రం కరకరా నమిలి ఆగిపోయింది. ప్లగ్గు తీసి, వెనక మూత తెరిచి వంచితే టపటపా పల్లికాయలు రాలాయి. ఎలుక దాచుకున్నవి.

"కడుపు నిండినంక కాగితం ఎందుకు తింటది అత్తమ్మా?" అంది కోడలు.

ఈసారి కాగితం నున్నగా బయటికి వచ్చింది, కానీ దాని మీద ఒక్క గీత లేదు. సిరా ఎండి గడ్డకట్టిందట. కోడలు గుండుసూది తెచ్చింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"సూది పెట్టకు బిడ్డా! పత్తికి మందుకొట్టే పంపు నాజిల్ మూసుకపోతె పొడుస్తమా? బొక్క పెద్దగయితది. గోరువెచ్చని నీళ్లతోని నానబెడ్తం."

"ఇది పంపు కాదు."

"గిది సుత సన్నబొక్కల నుంచి చిమ్మేదే గద!"

కోడలు ఫోన్‌లో వెతికి నా దిక్కు చూసింది. "గట్లనే చెప్తున్నరు అత్తమ్మా!"

మెత్తటి గుడ్డ తడిపి, నీళ్లు పిండేసి, సిరా చిమ్మేచోటు కింద పెట్టాం. అన్నం ఉడికేలోపు నాలుగుసార్లు లేచిపోయి చూశాను. నాలుగోసారి గుడ్డ మీద నీలిమరక! గంటె చేతిలో ఉండగానే అరిచాను. నలుపు ఎంతకూ రాలేదు. అయితే ఏం, పాఠాలన్నీ నీలంలోనే వేయమన్నాను. తట్ట, పార, ఇసుక, నిచ్చెన అని నా తోడికోడలు పనిలో రోజూ ముట్టుకునేవాటి పేర్లు నేను చెబుతుంటే కోడలు ఫోన్‌లో కొట్టింది. ఏడు కాగితాలు, ఇంతింత అక్షరాలతో వెచ్చగా నా చేతిలోకి వచ్చాయి.

మరునాడు పొద్దున నేను కూడా వాళ్ల ఆటో ఎక్కి ఆత్మకూరు బస్టాండుకు పోయాను. బస్సు వచ్చేదాకా తోడికోడలితో చదివించాను.

"జర చాయ్ అయినా తాగనియ్యి అక్కా!" అంటూనే ఆమె వేలు పెట్టి మొదటి కాగితం పూర్తిచేసింది. కాగితాలను బట్టలమూటలో పెట్టలేదు, చేతిలోనే పట్టుకుని ఎక్కింది. బస్సు కదిలింది. నేను కిటికీ వెంట నాలుగడుగులు ఉరికి, "రేపు రెండోది!" అని అరిచాను.