కుడి వైపు మొద్దు శబ్దం

నర్సింగ్ కాలేజీ ప్రాక్టీసు గదిలో ఆయన బల్లెక్కడం మొదలుపెట్టి పందొమ్మిదేళ్ళు. ఆసుపత్రిలో స్ట్రెచర్ తోసే ఉద్యోగం ఆయనది. వారానికి ఒక పూట మాత్రం ఆ పని పక్కన పెట్టి, చొక్కా విప్పి, రోగి వేషం కట్టేవాడు. ఆయన ఒంటి మీద పిల్లలు పరీక్షలు నేర్చుకునేవాళ్ళు. అందరికీ ఆయన బాబాయే.

ఇన్నేళ్ళు పడుకుని పడుకుని పాఠం ఆయనకే బాగా వచ్చేసింది. ముందు చూడాలి, తర్వాత తాకాలి, ఆ తర్వాత తట్టాలి, చివర వినాలి. పొట్ట దగ్గర మాత్రం తాకడం ఆఖరికి, లేకపోతే లోపలి శబ్దాలు మారిపోతాయి. ఇది తెలియని పిల్లని చూసి ఆయన జాలిపడేవాడు. తెలుసనుకునే పిల్లని చూస్తే మాత్రం ఒళ్ళు మండేది. ఒకమ్మాయి స్టెతస్కోపు చొక్కా మీదే పెట్టి, బట్ట రాసుకునే గరగరని గుండె చప్పుడని రాసుకునేది. ఇంకొకమ్మాయి దాన్ని చెవుల్లో పెట్టుకోవడం మరిచిపోయి, మెళ్ళో అలాగే వేలాడుతుండగా "నార్మల్" అనేసింది. మరొకతె మంచుగడ్డలాంటి చెయ్యి పొట్ట మీద పెట్టి "గట్టిగా ఉంది మేడం" అంది. అలాంటి చెయ్యి పడితే గట్టిపడక ఏమవుతుంది?

పాఠం చెప్పే మేడం ఇవేవీ పట్టించుకునేది కాదు. కుర్చీలో కూర్చుని కాగితం మీద టిక్కులు పెట్టేది. ఆవిడ ఎవరి వీపైనా తట్టగా బాబాయ్ చూసిన పాపాన పోలేదు.

ఇంటికొచ్చి ఇవన్నీ భార్యకి నటించి చూపించేవాడు. ఆవిడ బట్టలు కుట్టుకుంటూ వినేది. ఒకరోజు మిషను ఆపి అంది, "వాళ్ళ సంగతి సరే, మీ ప్యాంటు చూసుకున్నారా? నెలలో రెండుసార్లు నడుము బిగించాను. మెట్లెక్కితే మధ్యలో ఆగుతున్నారు."

"వయసు వస్తుంటే ఆగమా?"

"సాయంత్రానికి ఒళ్ళు కాలుతోంది, అదీ వయసేనా?"

"ఆసుపత్రిలో పనిచేసేవాణ్ణి, నాకు తెలియదా?" అని పెదవి విరిచాడు.

వార్షిక పరీక్ష వచ్చింది. పన్నెండు మంది పిల్లలు. పరీక్షాధికారిగా పై కాలేజీ నుంచి ఒకావిడ వచ్చింది, కుర్చీ దిగితే ఎక్కడ మాసిపోతానో అన్నట్టు కూర్చుంది. పదకొండు మంది వరసగా వచ్చి, బాబాయ్ వీపు మీద కాలింగ్ బెల్ నొక్కినట్టు రెండు దెబ్బలు వేసి, "ఊపిరి రెండు వైపులా సమానం, నార్మల్" అని చిలక పలుకులు పలికి వెళ్ళారు. అందరికీ మంచి మార్కులే.

ఆఖరున వచ్చిన పిల్లని క్లాసంతా నత్త అంటారు. ఏ పనికైనా మిగతావాళ్ళకి రెట్టింపు సమయం తీసుకుంటుంది. బాబాయ్ కూడా చాటుగా అలాగే అనేవాడు. ఆ పిల్ల ముందు అరచేతులు రుద్దుకుంది. "వెనక వైపు చూస్తాను బాబాయ్, చేతులు గుండెల మీద కట్టుకోండి" అంది. ఎడమ మధ్య వేలు వీపు మీద ఆనించి, కుడి మధ్య వేలితో దాన్ని తట్టింది. ఒకటి ఇటు, ఒకటి అటు, మెల్లగా కిందికి దిగింది. కుడి వైపు ఒక చోట ఆగింది. కండ మొద్దుగా ఎలా మోగుతుందో తన తొడ మీద తట్టుకుని విని, మళ్ళీ వీపు మీద తట్టింది.

"తొంభై తొమ్మిది అనండి బాబాయ్."

అన్నాడు. వీపు మీద అరచెయ్యి ఆనించి, మాటకి లోపల అదురు తెలుస్తోందా అని చూస్తూ ఇంకోసారి అనమంది. స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది.

"మేడం, కుడి వైపు కింద మొద్దుగా మోగుతోంది. ఊపిరి కూడా అక్కడ సరిగా వినపడటం లేదు."

పై కాలేజీ ఆవిడ పాఠం చెప్పే మేడం వైపు చూసింది. మేడం నవ్వింది. "ఆయన మా మోడలండీ. పందొమ్మిదేళ్ళుగా నార్మలే."

"మీరొకసారి తట్టి చూడండి మేడం" అంది ఆ పిల్ల పై కాలేజీ ఆవిడతో.

అది పెద్ద తప్పయిపోయింది. పరీక్షాధికారిని పరీక్ష చెయ్యమంటావా అన్నారు. ఫెయిల్ చేశారు. బాబాయ్ కూడా మేడంతో పాటు నవ్వి, "పోనీలేమ్మా, మళ్ళీసారికి నేర్చుకుందువుగాని" అన్నాడు.

ఇంటికి వెళ్ళాడే గానీ మనసు కుదురుగా లేదు. తన వీపు తను తట్టుకోలేడు. భార్యని పిలిచి, వేలు ఎలా ఆనించాలో, మణికట్టు ఎలా విదిలించాలో చూపించాడు. ఆవిడ రెండు వైపులా తట్టింది. బడి మొహం చూడని మనిషి, రెండు నిమిషాల్లో తేల్చేసింది.

"ఎడమ పక్క ఖాళీ డబ్బా. కుడి పక్క నిండు డబ్బా. రేపు ఫోటో తీయించుకోండి."

ఎక్స్‌రేలో ఊపిరితిత్తి చుట్టూ నీరు కనిపించింది. క్షయ అన్నారు. వార్డులో చేర్చుకుని, రెండు విడతలుగా నీరంతా తోడేసి, ఆరు నెలలకి మాత్రలు రాశారు.

రెండో విడత తోడిన మర్నాడు మేడం క్లాసు మొత్తాన్ని వెంటేసుకుని బాబాయ్ మంచం దగ్గరికి వచ్చింది, ఆ నీరు తనే కనిపెట్టినంత ఠీవిగా. మంచానికి తగిలించిన కాగితంలో మొదటి వరస చదివింది, కుడి ఊపిరితిత్తి చుట్టూ నీరు అని. రెండో వరస చదివే ఓపిక లేదు.

"తట్టి చూడండి, ఎంత మొద్దుగా ఉందో."

పదకొండు మందీ తట్టారు. పదకొండు మందికీ మొద్దుగానే వినిపించింది. బాబాయ్ వీపు అప్పగించి ఊరుకున్నాడు. తర్వాత వెనక నిలబడ్డ నత్తని పిలిచాడు. "నువ్వూ చూడమ్మా."

ఆ పిల్ల మెల్లగా, ఎప్పటిలాగే, రెండు వైపులా తట్టి విన్నది. "ఇప్పుడు బాగానే మోగుతోంది బాబాయ్. నీరు తీసేశారా?"

"నిన్ననే తీసేశారు. తర్వాత తీసిన ఫోటో కూడా బాగుంది" అన్నాడు బాబాయ్, మేడం మొహంలోకే చూస్తూ. "రెండో వరసలో రాశారు, మేడం గారు చూసినట్టు లేదు."

మేడం గడియారం చూసుకుని, క్లాసుకి టైమయిందంది. "మరి ఈ అమ్మాయి మార్కులు?" అని బాబాయ్ అడిగితే, ఒకసారి పైకి పంపిన మార్కులు మార్చే రూలు లేదట. తప్పుగా చూసినవాళ్ళందరూ పై తరగతికి వెళ్ళారు. సరిగ్గా చూసినది ఆరు నెలలు ఆగి మళ్ళీ పరీక్ష రాసి పాసయింది.

బాబాయ్ ఇక బల్ల ఎక్కనని చెప్పేశాడు. ఆయన బదులు ప్లాస్టిక్ బొమ్మని కొన్నారు. దానికి జ్వరం రాదు, నీరు చేరదు, ఎలా తట్టినా నార్మలే. మేడంకి అది ప్రాణం.

మిగతావాళ్ళని తిట్టుకోవడం బాబాయ్‌కి తేలికే. తను నవ్విన నవ్వే మింగుడుపడలేదు. తిరిగి డ్యూటీలో చేరిన రోజు ఆ పిల్లని వరండాలో ఆపాడు.

"ఆ రోజు నేనూ వాళ్ళతో కలిసి నవ్వానమ్మా."

"మీకు తెలియదు కదా బాబాయ్."

"తెలియక కాదు. ఒంట్లో బాగాలేదని తెలుసు. నీ చేతి మీద నమ్మకం లేక నవ్వాను."

ఆ పిల్ల "ఇవాళ్టి మాత్ర వేసుకున్నారా?" అని అడిగింది.

వేసుకోలేదు. జేబులోంచి తీసి, ఆ పిల్ల చూస్తుండగానే వేసుకున్నాడు.