విశ్వకర్మ పూజ నాడు తోమిన రాయి

జంషెడ్‌పూర్‌లో విశ్వకర్మ పూజ నాడు స్క్రూడ్రైవరుకైనా బొట్టు పెట్టందే ఎవరూ ఊరుకోరు. అక్కడి పర్సుడీహ్‌లో పుట్టి పెరిగిన పద్మకుమారికి ఆ సంగతి తెలియనిది కాదు. అయినా ఆ ఉదయం రాయిని బల్ల మీదే వదిలేసి వెళ్ళింది.

కాలేజీ ఉద్యోగం, ఎండలో శిలాజాల వేట, బస్తీ పిల్లలకి జీవపరిణామం పాఠాలు, ఇదీ ఆమె బతుకు. రాళ్ళ చదువేటని చుట్టాలు ముక్కున వేలేసుకున్నా తండ్రి ఆదిబాబు ఎందుకని అడక్కుండా చదివించాడు.

మాంగో బస్తీలో పిల్లలకి పాఠం ముగించి ఇంటికొచ్చేసరికి ఆమె ఉలులు, సూదులు నూనె రాసుకుని, సిందూరం పెట్టుకుని వరండాలో బారుగా ఉన్నాయి. మధ్యలో రాయి. దానికీ బొట్టే.

ఆమె సంచీ కింద పడేసి రాయి దగ్గరికి పరుగెత్తింది. దామోదర్ లోయలో దొరికిన దవడ ముక్క అది, రాకాసిబల్లులకన్నా ముందు కాలపు జంతువుది. రాతిలోంచి బయటికొచ్చిన ఒక్క కోర అంచున సన్నటి రంపపు నొక్కులున్నాయి. ఇది కొత్త జాతి అనడానికి ఆ నొక్కులే సాక్ష్యం. ఫొటోలు చూసి నమ్మనన్న నిపుణుడు రేపు కలకత్తా నుంచి స్వయంగా వస్తున్నాడు.

"నాన్నా, దీన్నేటి చేసినావు?"

రైల్వేలో వ్యాగన్లు బాగుచేసి రిటైరైన ఆదిబాబు సంబరంగా లేచాడు. "జంగు పట్టీసుందమ్మా, ఒకటే తుప్పు. వైర్ బ్రష్ ఎట్టి బిల్కుల్ సాఫ్ చేసీసినాను. రేపు పెద్దోలు వత్తారన్నావు కదా."

ఆమె రాయిని దగ్గరికి లాక్కుంది. సిందూరం తుడిచి భూతద్దం పెట్టింది. కోర ఉంది. అద్దాన్ని అంచు వెంట మెల్లగా జరిపింది. ఒక్క నొక్కు మిగిలినా చాలు. చివరిదాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చింది. అంచంతా గాజులా నున్నగా ఉంది.

"బాగుందా అమ్మా?"

బాగుందనేస్తే ముసలాయన హాయిగా పడుకుంటాడు. కానీ చూసింది చూసినట్టు చెప్పాలని పిల్లలకి నూరిపోసే మనిషి, అబద్ధం చెప్పలేకపోయింది. కోపంతో పాటే ఏడుపూ వచ్చింది.

"నాకు కావాల్సిందంతా ఆ అంచు మీదే ఉండేది నాన్నా. అరిగిపోయింది."

ఆదిబాబు రాయిని చేతిలోకి తీసుకుని అంచు తడిమాడు. "నాకేటి తెలుసమ్మా," అన్నాడు. "ఊల్లో పిల్లలందరికీ చెప్తావు. ఇదేటో నాకెప్పుడైనా చెప్పినావేటి?"

పద్మకుమారి జ్ఞాపకంలో వెతుక్కుంది. ఒక్కసారీ చెప్పలేదు.