వెండెల్ క్రౌచ్ లేవని పెట్టె

శనివారం ఆట ముగిశాక అరవై మంది విప్పిపారేసిన బట్టల కంపు ఎలా ఉంటుందో మా ఊళ్లో ఇద్దరికే తెలుసు, నాకూ వెండెల్ క్రౌచ్‌కీ. బురద, నెత్తురు, చెమట, ఒక్కోసారి వాంతి. పైన స్టాండ్లలో కూర్చుని "మన పిల్లలు, మన పిల్లలు" అని గుండెలు బాదుకునేవాళ్లలో ఒక్కరూ మా ఉతుకుల గదిలోకి తొంగిచూసిన పాపాన పోలేదు. పంతొమ్మిదేళ్లు ఆ బట్టలు ఉతికాను. తలకి హెల్మెట్లు తగిలించుకుని ఒకళ్లనొకళ్లు గుద్దుకునే ఆ ఫుట్‌బాల్ మాట వింటేనే ఇప్పుడు డోకొస్తుంది. ఆ డోకు బట్టల వల్ల వచ్చింది కాదు.

వెండెల్ విట్లోక్ కళాశాల జట్టుకి సామాన్ల మనిషి. పెళ్లి చేసుకోలేదు. కుడికాలు కాస్త ఈడుస్తూ నడుస్తాడు, అందుకే ఎన్నడూ ఆడలేదు. ఇరవయ్యేడేళ్లు అతని అసలు పని తలలు చూడటం. ఆగస్టులో కొత్త పిల్లలు రాగానే ఒక్కొక్కణ్ణీ బల్లమీద కూర్చోబెట్టి, జుట్టు తడిపించి, హెల్మెట్ తొడిగి, లోపలి మెత్తల్లోకి చిన్న పంపుతో గాలి కొట్టేవాడు. ముందున్న కమ్మీ పట్టుకుని అటూ ఇటూ గుంజేవాడు. హెల్మెట్‌తో పాటు నుదుటి చర్మం కదలాలి. కదలకపోతే మళ్లీ మొదటికి. పిల్లలు విసుక్కుంటే, "మీ అమ్మ ఇచ్చింది ఒక్క తలే నాయనా" అనేవాడు. అంతకు మించి మాట్లాడేవాడు కాదు.

ఆరేళ్లు వరసగా ఓడిన జట్టు ఆ ఏడు ఎనిమిదికి ఎనిమిది ఆటలు గెలిచింది. ఊరికి పిచ్చెక్కింది. కొత్త కోచ్ రస్క్ పేరు మీద హోటల్లో ఒక ఆమ్లెట్ వెలిసింది. మా చర్చి ముందు బోర్డు మీద బైబిలు వాక్యం చెరిపేసి, "ఎనిమిదికి ఎనిమిది, దేవుడు మనవాడే" అని రాశారు. ప్రతి ఆదివారం ఆ చర్చికి వెళ్లే మనిషినే నేను, ఆ బోర్డు చూస్తే ఒళ్లు మండింది. దేవుడి సంగతి నాకు తెలీదు గానీ, ఆ గెలుపుల్లో సగం మార్లన్ పిట్స్ అనే ఇరవయ్యేళ్ల కుర్రాడి కాళ్ల మీద వచ్చాయి. బంతి చంకలో ఇరికించుకుని పరిగెత్తితే వాణ్ణి పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. జట్టు మొత్తంలో పెద్ద తల వాడిది. వాడి హెల్మెట్ వెండెల్ ప్రత్యేకంగా చేయించి తెప్పించాడు.

తొమ్మిదో ఆట నది అవతలి కళాశాలతో. తాతల నాటి పగ. పొద్దున్న ఏడింటి నుంచే ట్రక్కుల వెనక మాంసం కాలుస్తూ, బీరు తాగుతూ, మధ్యాహ్నానికి ఐదు వేల మంది గొంతులు చించుకోవడానికి సిద్ధంగా ఉన్నారు.

నాలుగు భాగాల ఆటలో మూడో భాగం నడుస్తుండగా ఇద్దరు చెరో పక్క నుంచి వచ్చి మార్లన్‌ని గుద్దారు. లేచాడు. లేచి, తాపీగా నడుచుకుంటూ వెళ్లి అవతలి జట్టు బెంచీ మీద కూర్చున్నాడు. స్టాండ్లన్నీ గొల్లుమన్నాయి. తువ్వాళ్లు పట్టుకుని మా బెంచీ వెనక నిలబడ్డ నేనూ నవ్వాను.

గాయాలు చూసే జోయన్ మాత్రం నవ్వలేదు. పరిగెత్తి వెళ్లి వాణ్ణి వెనక్కి తీసుకొచ్చింది.

"ఇది ఏ నెల, మార్లన్?"

"ఆగస్టు."

నవంబరు అది. మా అందరి నోళ్లలోంచీ ఆవిరి వస్తోంది.

తల దెబ్బ తిన్నవాడికి ఆడొద్దంటే వినడు. అందుకని మా దగ్గర హెల్మెట్ దాచేస్తారు. నెత్తిన హెల్మెట్ లేనిదే రిఫరీ ఎవణ్ణీ మైదానంలోకి రానివ్వడు. జోయన్ దాన్ని వెండెల్ చేతిలో పెట్టింది.

"దాచెయ్. ఇంకో దెబ్బ తగిలిందంటే వీడు మనకి దక్కడు."

వెండెల్ కట్లు కట్టే పట్టీల పెట్టె తెరిచి, హెల్మెట్‌ని అడుగున పెట్టి, మూత వేసి దానిమీద కూర్చున్నాడు. పద్నాలుగేళ్ల కిందట కూడా తల దెబ్బ తిన్న డ్వైట్ టాలివర్ అనే కుర్రాడి హెల్మెట్ ఇలాగే దాచాడు. అప్పటి కోచ్ కేకలేస్తే తీసి ఇచ్చేశాడు, డ్వైట్ మళ్లీ దిగి ఇంకో దెబ్బ తిన్నాడు. ఇప్పుడు డ్వైట్‌ని వాళ్లక్క చేయి పట్టుకుని రోడ్డు దాటిస్తుంది. ఊరంతా చూస్తుంది, ఒక్కరూ ఆ మాటెత్తరు.

చివరికి రెండు నిమిషాల ఆట మిగిలింది. మేం నాలుగు పాయింట్లు వెనక ఉన్నాం. బంతి అవతలి వాళ్ల గీతకి దగ్గరలోనే ఉంది, దాటిస్తే ఆరు పాయింట్లు. కోచ్ పెట్టె దగ్గరికొచ్చాడు.

"వెండెల్, లే."

"జోయన్ వద్దంది, కోచ్."

"ఈ జట్టుకి కోచ్ జోయనా, నేనా? వాడికేమైందయ్యా? చూడు, శుభ్రంగా నిలబడ్డాడు."

"నిలబడ్డానికేం, కంచె గుంజ కూడా నిలబడుద్ది."

కోచ్ ఇంకొకడి హెల్మెట్ లాక్కుని మార్లన్ నెత్తిన కుక్కాడు. అది చెవుల దగ్గరే ఆగిపోయింది. ఆట ముందు మమ్మల్నందర్నీ మోకాళ్ల మీద కూర్చోబెట్టి ప్రార్థన చేయించిన మనిషి, ఆ దెబ్బ తిన్న తల మీద హెల్మెట్‌ని రెండు అరచేతులతో జాడీ మూతలా నొక్కుతున్నాడు. లోపల మార్లన్ ఎందుకో నవ్వుతున్నాడు. అంత అసహ్యమైన దృశ్యం నా జన్మలో ఇంకోటి చూడలేదు.

హెల్మెట్ దిగలేదు. మార్లన్ దాన్ని పీకేసి వెండెల్ ముందుకొచ్చాడు.

"ఇచ్చెయ్యండి, క్రౌచ్ గారూ. మా అమ్మ తొమ్మిది గంటలు కారు నడుపుకుంటూ వచ్చిందండీ."

"కూర్చో నాయనా."

అప్పటికే వెనకాల స్టాండ్లలో అరుపులు మొదలయ్యాయి. "లే, వెండెల్! లే, వెండెల్!" పాస్టరు అరిచాడు. డ్వైట్‌కి పాఠాలు చెప్పిన టీచరమ్మ అరిచింది. ఇద్దరు కుర్రాళ్లు వచ్చి వెండెల్ భుజాలు పట్టి లాగితే, అతను పెట్టె పిడులు రెండూ గట్టిగా పట్టుకుని మొండికేశాడు.

సిగ్గు విడిచి చెప్తున్నాను, నేనూ వంగి అతని చెవిలో అన్నాను. "ఒక్క రెండు నిమిషాలే కదా వెండెల్, ఇచ్చెయ్యరాదూ."

అతను నావైపు చూడలేదు. "తువ్వాళ్లు నేలకి రాసుకుంటున్నాయి, చూసుకో లొరెట్టా" అన్నాడు.

ఓడిపోయాం.

మర్నాటికి వెండెల్ వాకిట్లో కుళ్లిన గుమ్మడికాయలు గుట్టగా పడి ఉన్నాయి. చర్చి బోర్డు మీద "క్షమించుట నేర్చుకొనుడి" అని కొత్త వాక్యం వెలిసింది. ఎవరిని క్షమించాలో రాయలేదు, అందరికీ తెలుసు కాబట్టి. సోమవారం పొద్దున్నే కళాశాల నుంచి ఉత్తరం వచ్చింది, ఇక విశ్రాంతి తీసుకోమని. ఇరవయ్యేడేళ్ల చాకిరీకి నాలుగు వాక్యాలు. మంగళవారం ఉతుకుల గదిలో అతను తన వస్తువులు అట్టపెట్టెలో సర్దుకుంటున్నాడు, నేను బట్టలు మడత పెడుతున్నాను. అతని మొహం చూడటానికి నాకు మొహం చెల్లలేదు.

తలుపు తోసుకుని మార్లన్ వచ్చాడు.

"ముసలి నక్కా! రెండో భాగంలో నలభై రెండు గజాలు పరిగెత్తాను, తెలుసా? పెద్ద జట్టుకి ఆటగాళ్లని ఏరే మనిషి నన్ను చూడ్డానికే వచ్చాడు, మూడో వరసలో, నీలం టోపీ. సోమవారం ఫోన్ చేస్తానన్నాడు. చేశాడా? చెయ్యలేదు! మా అమ్మ ఏడ్చుకుంటూ వెళ్లింది. నీకేం తెలుసు ఆట గురించి? కాళ్లున్నోణ్ణి చూస్తే కుళ్లు నీకు, కుంటి వెధవా!"

ఇంకా చాలా అన్నాడు. నాకు ఒళ్లు తెలీలేదు, చేతిలో బట్టలు విసిరేసి నోరు తెరవబోయాను. వెండెల్ చెయ్యెత్తి ఆపాడు. తల కాస్త పక్కకి వంచి, ఊపిరి బిగబట్టి వింటున్నాడు. మార్లన్ అతని బూటు పక్కన ఉమ్మేసి, తలుపు ధడేలున వేసి వెళ్లిపోయాడు.

వెండెల్ గోడ ఫోను తీసి జోయన్ నంబరు తిప్పాడు.

"జోయన్, పిల్లాడిప్పుడే వచ్చాడు. ఐదు నిమిషాలు ఆపకుండా తిట్టాడు. ఒక్క మాట తడబడలేదు."