వకీళ్ల వకీలమ్మ

ఆర్మూర్‌లో ఎవరికి చిక్కొచ్చినా వకీలు దగ్గరికి పోతారు. మరి వకీలుకే చిక్కొస్తే? నల్లకోటు విప్పి చేతిమీద వేసుకుని, ఎవరూ చూడకుండా శ్యామల ఇంటి మెట్లెక్కుతాడు. వకీలు ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు అన్న నియమాలన్నీ ఆమెకు కొట్టినపిండి. కోర్టులో ఆమె గొంతు పెద్దగా లేవదని వెనకాల నవ్వుకునేవాళ్లున్నారు. తమమీద ఫిర్యాదు పడిందంటే వాళ్లు కూడా మొదట తట్టేది ఆమె తలుపే.

ఆ రోజు వచ్చింది లోకేశ్. ఆమె దగ్గరే పని నేర్చుకుని, స్నేహితుడితో కలిసి కొత్తగా ఆఫీసు తెరిచాడు. అతనంటే ఆమెకు కన్నకొడుకంత ప్రేమ. పైకి మాత్రం ఎప్పుడూ చిరచిరలాడుతుంది.

"మేడం, ఒక పెద్ద పసుపు వ్యాపారి మాకు కేసు ఇచ్చిండు. మా ఆఫీసుకు గిదే మొదటి పెద్ద కేసు. కానీ అవతలి పార్టీ ముసలామె మా అమ్మకు దోస్తు. మొన్న ఎండాకాలం ఇంటికొచ్చి నాకు గీ పంచాదే చెప్పింది. వకాలత్ మీద సంతకం గింతకం ఏం లేదు. ఉత్త ముచ్చట."

"ఆమె ఏం చెప్పిందో నాకు చెప్పకు. నువ్వేం చెప్పినవ్?"

లోకేశ్ నసిగాడు. "రాజీకి ఒప్పుకోకు, కాయిదాలు పైలంగ దాచుకో అన్న."

"గప్పుడే నువ్వు ఆమె వకీలువైనవ్."

"చాయ్ తాగుకుంట మాట్లాడినం, గంతే మేడం."

"మన దిక్కు ఎవలైనా చాయ్ తాగి, ముచ్చట పెట్టినంకనే సంతకం చేస్తరు. ఆమె నిన్ను నమ్మి చెప్పింది. వ్యాపారి కేసు వాపసియ్యి. గాయన ముచ్చట గూడ విన్నవ్ గనక, ఆమె కేసు గూడ పట్టకు. ఎందుకని ఎవలడిగినా చెప్పకు."

లోకేశ్ మొహం మాడిపోయింది. పోయొస్తానని కూడా అనకుండా వెళ్లిపోయాడు. కేసు వదిలేశాడని తర్వాత తెలిసింది కానీ, ఎదురుపడితే తల తిప్పుకుంటున్నాడు. శ్యామలకు అన్నం సయించలేదు. ఉన్నమాట చెప్పినందుకు బాధ లేదు, పిల్లవాడు దూరమైనందుకే బాధ.

ఇంతలో ఏర్గట్ల నుంచి వెంకవ్వ అనే ముసలామె ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఒక పసుపు వ్యాపారితో పంచాయతీ అట.

"లోకేశ్ నా కేసు పట్టనన్నడు వకీలమ్మా. ఎందుకంటే చెప్తలేడు. నీ దగ్గరికి పోతే మంచి వకీలును చూపిస్తవన్నడు."

ఆమె ఎవరో శ్యామలకు అర్థమైంది. తనతో మాట మానేసినవాడు, నమ్మకంగా తన దగ్గరికే పంపాడని కూడా అర్థమైంది. అసలు సంగతి నోటిదాకా వచ్చింది. చెబితే ఈ ముసలామె మనసు తేలికపడేది. కానీ లోకేశ్ కూడా తనను నమ్మే చెప్పాడు. నిజామాబాద్‌లో ఒక వకీలు పేరు చెప్పి ఊరుకుంది.

వెంకవ్వ లేవబోతూ ఆగింది. "నా మీద కోపమొచ్చినట్టుంది గానీ, మంచి పిలగాడే వకీలమ్మా. నేను చెప్పుకున్న ముచ్చట, గిప్పటిదాంక వాళ్లమ్మకు గూడ తెల్వదు."

శ్యామల కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"నాకెర్కే అవ్వా," అంది. "వాడు నా పిలగాడే."