మిరపతోటలో ముగ్గురి ఫోటో

గుంటూరు బ్రాడీపేటలో డాక్టరు గారు నాన్నని బయట బెంచీ మీద కూర్చోబెట్టి, నన్నూ తమ్ముడినీ లోపలికి పిలిచి తలుపు వేశారు. లివరు పూర్తిగా పాడైపోయిందనీ, మందులు నొప్పికే తప్ప దేనికీ పనిచేయవనీ, మహా అయితే రెండు మూడు నెలలనీ చెప్పారు. బయటికొచ్చి "అల్సరంట నాన్నా" అన్నాం. ఇంటికెళ్ళి అమ్మకీ అదే చెప్పాం.

తర్వాత వెతికితే, నాన్న ఫోటో అంటూ సరైనది ఒక్కటి లేదు. పాసు పుస్తకం మీద అంటించింది ఉంది, అందులో పోలీసులు పట్టుకొచ్చిన దొంగలా ఉన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మనిషిని ఎటూ ఆపలేం, కనీసం మొహమైనా మిగుల్చుకోవద్దా? ఆయన నిలబడి నవ్వగలిగిన రోజుల్లోనే ఒక్క మంచి ఫోటో తీసి తీరాలని పట్టుబట్టాను. ఇంకో నెల పోతే ఆ మొహం ఎట్లా ఉంటుందో డాక్టరు గారు దాచకుండా చెప్పారు.

అప్పట్లో నేను గుంటూరులో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేదాన్ని. తోటి మాస్టారి దగ్గర కెమెరా అరువు తెచ్చుకుని, ముప్పై ఆరు ఫోటోల రీలు వేయించుకున్నాను. "ఎండ నీ వీపు మీద ఉండాలమ్మా, తలకాయలు తెగకుండా చూసుకో" అన్నారాయన. ఆదివారం పొద్దున్నే బస్సెక్కి, ప్రకాశం జిల్లా సరిహద్దులో ఉన్న మా పొలానికి వెళ్ళాను. మిరపతోటలో రెండో కోత నడుస్తోంది, అమ్మా నాన్నా తమ్ముడూ అక్కడే ఉన్నారు. పక్క చేలో పత్తి తీయడం అయిపోయి, ఎండిన కట్టె నిలబడి ఉంది.

"దీనికి సేద్యం మీద ప్రేమ ఎప్పటి నుంచిరా?" అని తమ్ముడిని అడిగాడు నాన్న. వాడు చెప్పు కింద మట్టిపెళ్ళని నలిపాడు.

నాన్నని ఒక్కడినే నిలబడమన్నాను. "ఒక్కణ్ణీ దేనికే? మీ అమ్మా వాడూ రావాల" అన్నాడు. పోనీ అమ్మా నాన్నా జంటగా దిగండంటే అమ్మ ససేమిరా అంది. పెళ్ళిలోనే దిగని ఫోటో ఇప్పుడు కూలోళ్ళ ముందు దిగాలా అని కసిరింది. సరే, ముగ్గురూ రండి అన్నాను. అసలు చిక్కు అక్కడ మొదలైంది.

ముగ్గురు కలిసి ఫోటో దిగితే ఒకరు పోతారని మా వైపు నమ్మకం. అమ్మకి అది వేదం. నేను కెమెరా ఎత్తినప్పుడల్లా ఎవరో ఒకరిని లాక్కొచ్చి నాలుగో మనిషిగా నిలబెట్టేది. ఒకసారి మిరప ఘాటుకి మొహమంతా గుడ్డ చుట్టుకున్న కూలీ ఆమె, ఒకసారి పక్క పొలం పెద్దాయన. ఆయన నాన్నకి అడ్డంగా నిలబడి మీసం దువ్వుకున్నాడు. నేనే వెళ్ళి నలుగురిలో నిలబడదామని కెమెరా ఒక కూలీ ఆమె చేతికిచ్చాను. మిరపకాయలు కోస్తున్న వేలు తీసుకొచ్చి అద్దం మీదే పెట్టింది. చీర కొంగుతో అద్దం తుడిచి, అదే కొంగుతో నా కళ్ళూ తుడుచుకున్నాను. ఇక ఆ మంట చెప్పలేను.

ఎండ ముదిరింది. నాన్న రెండడుగులు వేసి గట్టు మీద కూలబడుతున్నాడు, లేస్తున్నాడు. రీలు చూస్తే రెండే మిగిలాయి. ముప్పై నాలుగు ఫోటోల్లో ఊరంతా ఉంది, మా నాన్న లేడు. నాకు ఏడుపొచ్చేసింది.

"ఒక్కటమ్మా, నీకు దండం పెడతా. ముగ్గురే నిలబడండి."

"చదువుకున్నదానివి, నీకేం పోయింది. రేపు ఎవరికేమైనా అయితే నువ్వు తెచ్చిస్తావా?"

"నీ మూఢనమ్మకాలు తగలెయ్య. నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు" అని అరిచాను. కూలీలు కోత ఆపి చూశారు. అమ్మ మొహం చిన్నబోయింది.

నాన్న మెల్లగా లేచాడు. "రా, దిగుదాం. పోయేవాడెవడో తెలిసిపోయిందిగా, ఇంక మీకేం భయం లేదు" అన్నాడు.

తమ్ముడు తల పక్కకి తిప్పేసుకున్నాడు.

"ఏందయ్యా ఆ మాటలు?" అంది అమ్మ.

"అల్సరుకి డాక్టరు తలుపేసి మాట్లాడతాడా? వీళ్ళకి అబద్ధం ఆడటం కూడా చేతకాలా."

అమ్మ నా వంక చూసింది. కాదనమని అడుగుతోంది ఆ చూపు. అంతసేపూ నోటికొచ్చిందల్లా అరిచినదాన్ని, ఒక్క "కాదు" అనలేకపోయాను. అమ్మ ఏడవలేదు. కొంగు బిగించుకుని వెళ్ళి నాన్న పక్కన నిలబడి, మోచేతి పైన పట్టుకుంది.

"ఏమ్మాయ్, తియ్యి. కాళ్ళు నిలబట్టంలా" అన్నాడు నాన్న.

నాకేమీ కనబడలేదు. ఉరామరిగా, అందాజు మీద నొక్కేశాను.

ఏప్రిల్ ఎండల్లో నాన్న పోయాడు. ఆ ఫోటో కాస్త వంకరగా వచ్చింది, తమ్ముడి తల తెగింది. కానీ నాన్న నావైపే చూస్తూ, కొంచెం నవ్వుతూ ఉన్నాడు. పెద్దకర్మకి నాన్న వరకు పెద్దది చేయమని స్టూడియోలో ఇచ్చాను. స్టూడియో ఆయన నమూనా ప్రింటు తీసి చూపించాడు. పక్కనున్న ఇద్దరినీ తీసేశాడు గానీ, నాన్న చేతి మీద అమ్మ వేళ్ళు ఉండిపోయాయి. "దండ వేసే ఫోటోలో బతికున్నవాళ్ళ చెయ్యి ఉండకూడదమ్మా. కంప్యూటర్లో చెరిపేస్తాను, ఇంట్లో అడిగి చెప్పండి" అన్నాడు.

ప్రింటు తీసుకెళ్ళి అమ్మకి చూపించి, ఆయన అన్నమాట చెప్పాను. ముగ్గురుగా ఫోటో దిగనని ఆ రోజు పొద్దంతా పోట్లాడిన మనిషి, వెంటనే చెరిపించమంటుందనుకున్నాను. అమ్మ ఆ వేళ్ళని వేలితో తడిమింది.

"ఉండనీవే" అంది. "గట్టిగానే పట్టుకున్నాగదే."